మరపు పాపమేనా?

శ్రావణ మాసం వచ్చిందంటే మన గుడి పార్కింగ్ లాట్‌లో చోటు దొరకదు. వరలక్ష్మీ వ్రతం, కృష్ణాష్టమి, ఆ వెనకే వినాయక చవితి. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చేవారు కొందరు, ఇంటికి పోయి పట్టుబట్టలు కట్టుకుని వచ్చేవారు కొందరు. ఒక చేతిలో పూల పళ్ళెం, ఇంకో చేతిలో పులిహోర ట్రే, భుజాన డయపర్ సంచి, కాళ్ళకి అడ్డంపడే కుచ్చిళ్ళు, వెనక నుంచి "అమ్మా, నా షూస్ ఏవీ?" అని కేకలు. బయట ఆగస్టు ఎండ. ఈ సంచికకి ఏదైనా వ్రాయమని సంపాదకులు అడిగినప్పుడు పండగ విశేషాలే వ్రాద్దామనుకున్నాం. కాని ఆ పార్కింగ్ లాట్ తలచుకున్నప్పుడల్లా మా మనసులో మెదిలేది వేరే సంగతి. పండగ పూట ఇటువంటి మాటలేమిటని పెద్దలు కోప్పడకుండా చదవాలని మనవి.

ఆగిన కార్లలో ఎండవేడికి చనిపోయే పిల్లల సంగతి అది. శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీకి చెందిన వాతావరణ శాస్త్రజ్ఞుడు జాన్ నల్ ఈ దేశంలో 1998 నుంచి జరిగిన ఇటువంటి మరణాలను ఒక్కొక్కటిగా లెక్క కట్టారు. ఆ లెక్క వెయ్యి దాటింది. సగటున ఏడాదికి 37 మంది దాకా. 2018లోను, 2019లోను ఏడాదికి 50కి మించి పోయారు. వీరిలో సగానికి పైగా పెద్దవాళ్ళు మర్చిపోయిన పిల్లలు. దాదాపు నాలుగో వంతు తామే ఆడుకుంటూ కారెక్కి బయటికి రాలేకపోయినవారు. మిగిలినవారిలో ఎక్కువమంది, "ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం కదా" అని పెద్దలు తెలిసే వదిలి వెళ్ళిన పిల్లలు.

ఆ ఐదు నిమిషాల గురించి వైద్యులుగా ఒక్క మాట. బయట 80 డిగ్రీలుంటే, అంటే మనం హాయిగా ఉందనుకునే రోజున, మూసిన కారులో పది నిమిషాలకి 99, అరగంటకి 114, గంటకి 123 డిగ్రీల ఫారెన్‌హీట్ అవుతుంది. అద్దాలు కొంచెం దించినా పెద్ద తేడా ఉండదని 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. పసిపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ ఒంటికంటే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. ఒంటి వేడి 104 చేరితే వడదెబ్బ. 107 చేరితే ఇక మా చేతుల్లో ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. పోయిన ఏడాది పండగ భోజనాల దగ్గర ఒక చిన్న వయసు అమ్మాయి తన బిడ్డ కారుసీటు క్లిప్పు చూపిస్తోంది. బిడ్డని దింపకుండా కారు ఆపి దూరంగా వెళ్తే ఫోనులో అలారం మోగుతుందట. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, మంచి మనిషే, నవ్వుతూ అన్నారు: "అదేమిటే తల్లీ! కన్నబిడ్డని మర్చిపోకుండా ఉండటానికి కూడా మిషను కావాలా? మేం నలుగుర్ని పెంచాం, ఏనాడన్నా ఒకణ్ణి ఎక్కడన్నా వదిలొచ్చామా?" చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆ అమ్మాయి ఆ క్లిప్పుని సంచిలో పెట్టేసుకుంది. మేము అక్కడే ఉండి ఏమీ అనలేదు. అనవలసినవాళ్ళం మేమే. ఎందుకో చెప్తాం.

పదకొండేళ్ళ క్రితం మా రెండో బిడ్డకి తొమ్మిదో నెల. మా ఇద్దరిలో ఒకరు రోజూ బిడ్డని డే కేరులో దింపడం, ఇంకొకరు తిన్నగా ఆసుపత్రికి పోవడం మా అలవాటు. ఆ రోజు తారుమారైంది. దింపవలసిన మనిషికి వేరే పని తగిలి, దింపే అలవాటు లేని మనిషి బిడ్డని తీసుకెళ్ళవలసి వచ్చింది. ముందు రాత్రి డ్యూటీ, మూడు గంటల నిద్ర. వెనక్కి తిప్పి కట్టిన సీటులో బిడ్డ రెండు వీధులు దాటకుండానే నిద్రపోయాడు. చప్పుడు లేదు. డే కేరు వైపు తిరగవలసిన సిగ్నల్ దగ్గర కారు రోజూలాగే నేరుగా పోయింది. ఆసుపత్రి గ్యారేజీలో ఆపి, తాళం వేసి, నడుచుకుంటూ వెళ్ళి తలుపు దగ్గర జేబు తడుముకుంటే బ్యాడ్జి లేదు. కారులో మర్చిపోయాం. బ్యాడ్జి లేనిదే ఆ తలుపు తెరుచుకోదు. తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళి కారు తలుపు తీస్తే వెనక సీటులో చిన్న పాదం కనిపించింది. నిద్రపోతూనే ఉన్నాడు. మొత్తం నాలుగైదు నిమిషాలు అయి ఉంటుంది.

ఆ రోజు కారు నడిపింది ఇద్దరిలో ఎవరన్నది ఇక్కడ వ్రాయం. ఆ వేళ రాత్రే అనుకున్నాం, ఇది మా ఇద్దరిది అని. ఆ మాట నిలబెట్టుకోవడానికి కొంత కాలం పట్టిన మాట కూడా నిజమే.

కాని ఈ పదకొండేళ్ళుగా వదలని ఆలోచన ఒకటుంది. బ్యాడ్జి మర్చిపోతే తలుపు ఆపింది. బిడ్డని మర్చిపోతే ఏ తలుపూ ఆపలేదు. ఆసుపత్రివాళ్ళు బ్యాడ్జికి చేసిన పాటి ఏర్పాటు మనుషులు బిడ్డకి చెయ్యలేదు. ఆ ఉదయం రెండు సార్లు మర్చిపోబట్టి మా బిడ్డ బ్రతికాడు. ఒక్కసారే మర్చిపోయి ఉంటే?

ఇంతకీ ఎలా మర్చిపోతాం? సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీ ఆచార్యుడు డేవిడ్ డైమండ్ ఈ విషయం మీద చాలా కాలం పనిచేశారు. మెదడులో అలవాటు పనుల్ని నడిపించే భాగం ఒకటి, బేసల్ గాంగ్లియా. "ఈ రోజు మాత్రం ఇలా చెయ్యాలి" అని గుర్తుపెట్టుకునే భాగాలు వేరు, హిప్పోకాంపస్, నుదుటి వెనక మెదడు. రోజూ పోయే దారిలో పోతుంటే అలవాటు మెదడు పగ్గాలు తీసుకుంటుంది. నిద్రలేమి, కంగారు, మారిన దినచర్య తోడైతే రెండోది నోరు మెదపదు. దారిలో పాలు కొనాలనుకుని ఇంటికొచ్చాక తల కొట్టుకోవడం మనందరికీ అనుభవమే. పాల సీసాకీ బిడ్డకీ తేడా మన గుండెకి తెలుసు. ఆ పగ్గాలు పట్టుకున్న యంత్రాంగానికి తెలియదు. పైగా ఆ మనిషి రోజంతా బిడ్డ డే కేరులో ఉందనే నమ్ముతాడు, సాయంత్రం బిడ్డని తీసుకురావడానికి డే కేరుకి కూడా వెళ్తాడు. ఇటువంటి తల్లిదండ్రుల గురించి జీన్ వైన్‌గార్టెన్ 2009లో వాషింగ్టన్ పోస్టులో వ్రాసిన వ్యాసానికి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. పిల్లల డాక్టరు, పోలీసు, రాకెట్ శాస్త్రజ్ఞుడు, అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు అందులో. ప్రేమ తక్కువైనవాళ్ళ జాబితా కాదది.

పెద్దావిడ మాటలో న్యాయం లేకపోలేదు. ఆవిడ నలుగుర్ని పెంచిన ఊళ్ళో కారు లేదు. చంకలో బిడ్డ, ఇంటినిండా అత్తలు, పిన్నులు, అమ్మమ్మలు. ఒకరు మర్చిపోతే ఇంకొకరు ఎత్తుకునేవారు. ఇక్కడ మన ఇళ్ళల్లో ఇద్దరు పెద్దవాళ్ళు, రెండు ఉద్యోగాలు, రెండు కార్లు. అంతేకాదు, ఈ దేశంలోనే 1990ల వరకు బిడ్డ డ్రైవరు పక్క సీటులో కనబడుతూ ఉండేది. ముందు సీటు ఎయిర్ బ్యాగులు తగిలి పసివాళ్ళు చనిపోవడం మొదలయ్యాక పిల్లల్ని వెనక సీటుకి, అందులోనూ వెనక్కి తిప్పి కూర్చోబెట్టమన్నారు. మంచి సలహా, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కాని బిడ్డ కళ్ళముందు నుంచి తప్పుకుంది. వెనక నుంచి చూస్తే ఖాళీ సీటూ నిండిన సీటూ ఒకేలా ఉంటాయి. ఒక యంత్రం తెచ్చిన ఇబ్బందికి ఇంకో యంత్రాన్ని వాడితే తప్పేముంది?

ధర్మం మాటకొస్తే, మరపుకి మన పెద్దలు పెట్టిన తూకం చాలా సూక్ష్మమైనది. ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని చీకట్లో శబ్దానికి బాణం వేసి మునికుమారుణ్ణి చంపాడు దశరథుడు. తనే వెళ్ళి ఆ ముసలి తల్లిదండ్రులకి చెప్పుకున్నాడు. తెలియక చేశావు గనకా, నీ నోట నువ్వే చెప్పావు గనకా బ్రతికిపోయావని అంటాడు ముని. ఆ నోటితోనే పుత్రశోకంతో పోతావని శపిస్తాడు. తెలియక చేసిన పాపానికి వేరు, తెలిసి చేసినదానికి వేరు ప్రాయశ్చిత్తాలు చెప్పాయి ధర్మశాస్త్రాలు. తెలియనిదానికి అసలు ప్రాయశ్చిత్తమే అక్కర్లేదని మాత్రం అనలేదు. మేము దీన్ని ఇలా అర్థం చేసుకున్నాం: ఉద్దేశం లేకపోవడం వల్ల మనిషి దుర్మార్గుడు కాడు, అయినా చేతిమీదుగా జరిగినది చేతికి అంటుకునే ఉంటుంది. ఇక్కడి ప్రాసిక్యూటర్లు ఒక కౌంటీలో హత్యానేరం మోపుతారు, పక్క కౌంటీలో అదే సంఘటనని ప్రమాదమని వదిలేస్తారు. రెండిట్లోనూ ఆ ముని చూపిన తూకం కనబడదు మాకు.

కాళిదాసు శకుంతల కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. భారతంలో దుష్యంతుడు గుర్తున్నా తెలియనట్టు నటిస్తాడు. కాళిదాసు దుర్వాసుడి శాపాన్ని, ఉంగరాన్ని తీసుకొచ్చి రాజుని నిజంగానే మర్చిపోయిన మనిషిని చేశాడు. ప్రేమించినవాడు మర్చిపోగలడు, మర్చిపోయాడు గనక ప్రేమ లేదనుకోవడానికి వీల్లేదు అన్నది ఆ మార్పులో ఉంది. మరి గుర్తు తెప్పించేదేమిటి? ఒక వస్తువు. ఆ వస్తువు కూడా నీళ్ళలో జారిపోయింది, చేప మింగింది. పరికరాన్ని నమ్ముకున్నవాళ్ళకి కూడా అందులో హెచ్చరిక ఉంది. మన అమ్మమ్మలు కొంగున ముడి వేసుకునేవారు, సాయంత్రం ఫలానా పని గుర్తుండాలని. ఆ ముడిని చూసి ఎవరూ నవ్వలేదు.

మా వృత్తిలో ఒక సంగతి. ఆపరేషన్ ముగించే ముందు నర్సు గుడ్డముక్కలన్నీ లెక్కపెట్టి సర్జనుకి చెప్తుంది. లెక్క తేలకపోతే పొట్ట మూయరు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న సర్జనైనా సరే. "నీకు రోగి మీద శ్రద్ధ ఉంటే లెక్క ఎందుకు?" అని ఎవరూ అడగరు. లెక్క అక్కర్లేదన్న సర్జను దగ్గరికి మేమైతే మా వాళ్ళని పంపం.

అయితే ఇంత మంచి వస్తువు ఎందుకు ఆలస్యమైంది? ఈ కథ వింటే బాధేస్తుంది. వర్జీనియాలో నాసా లాంగ్లీ కేంద్రంలో పనిచేసే ఒకరి బిడ్డ ఇలాగే చనిపోతే, అక్కడి ఇంజనీర్లు 2002 నాటికే ఒక పరికరం తయారుచేశారు. కారుసీటులో బరువుని కనిపెట్టే సెన్సరు, తాళాల గుత్తికి ఒక చిన్న బిళ్ళ. బిడ్డ సీటులో ఉండగా దూరం వెళ్తే బిళ్ళ మోగుతుంది. అది అంగడికి రాలేదు. పనిచెయ్యకపోతే కోర్టుల్లో తమ మీద పడుతుందని తయారీదార్ల భయం ఒకటి. అంతకంటే పెద్దది, కొనేవాళ్ళు ఉండరన్నది. "నేను అటువంటి తల్లిని కాదు" అనుకునేవాళ్ళకి ఆ వస్తువు ఎలా అమ్ముతారు? కొనడమంటేనే నా మీద నాకు అనుమానం ఉందని ఒప్పుకోవడం. మన భోజనాల దగ్గర నవ్వు కూడా అదే నవ్వు.

తరవాత చాలా మారింది. 2017 మోడలు జి.ఎం.సి. అకేడియాలో వెనక సీటు చూడమనే హెచ్చరిక వచ్చింది. ఆ వెంటనే నిస్సాన్ వచ్చింది. అక్కడి ఒక ఇంజనీరమ్మ గర్భంతో ఉన్న రోజుల్లో లసాన్యా పళ్ళెం రాత్రంతా కారు వెనక సీటులో మర్చిపోయిందట. అదే బిడ్డ అయి ఉంటే అన్న ఆలోచన నుంచి పుట్టిందట ఆ హారన్. ఇవి నిజానికి బిడ్డని చూడవు. బయలుదేరే ముందు వెనక తలుపు తెరిచారా లేదా అన్నదే వీటికి తెలుసు. కొన్ని మోడళ్ళలో దారిలో పెట్రోలుకి ఆగి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఆ సంగతి కూడా అవి మర్చిపోతాయి. లాప్‌టాప్ సంచి పెట్టినా మోగుతాయి, కూరగాయలు పెట్టినా మోగుతాయి. ఐ.సి.యూ.లో పనిచేసినవాళ్ళకి తెలుసు, రోజంతా మోగే అలారం నెల తిరిగేసరికి చెవికి వినబడదు. హ్యూండై అల్ట్రాసౌండు సెన్సరుతో కదలికని పట్టుకునే పద్ధతి తెచ్చింది. అన్నిటికంటే మెరుగైనది రాడారు. దుప్పటి కింద నిద్రపోతున్న నెల బిడ్డ ఊపిరి కదలికని కూడా పసిగడుతుంది. దానికి కావలసిన 60 గిగాహెర్ట్జ్ తరంగాలు కార్లలో వాడుకోవడానికి ఇక్కడి ఎఫ్.సి.సి. 2021లో కొన్ని కంపెనీలకి అనుమతి ఇచ్చింది. యూరపులో కార్ల భద్రతకి మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ 2023 నుంచి ఈ ఏర్పాటుకి మార్కులు ఇస్తోంది. కారుతో రాకుండా విడిగా అమ్మే పరికరాల సంగతి వేరు. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రివారు ప్రభుత్వం తరఫున 2012లో అప్పటివాటిని పరీక్షించి, నమ్మదగినవి కావని చెప్పారు.

మా అభిప్రాయంలో దీన్ని తల్లిదండ్రుల ఇష్టానికి వదలడమే తప్పు. తనకి అవసరం లేదనుకునేవాడికే ఎక్కువ అవసరమైన వస్తువిది. ఇటలీ 2018లో చట్టం చేసి, 2019 నవంబరు నుంచి నాలుగేళ్ళలోపు పిల్లల కారుసీటుకి అలారం తప్పనిసరి చేసింది. కొనుక్కోవడానికి 30 యూరోల సాయం కూడా ఇచ్చింది. ఇక్కడ 2021 నవంబరులో సంతకమైన చట్టం కొత్త కార్లన్నిటిలో వెనక సీటు హెచ్చరిక ఉండేలా రెండేళ్ళలో నియమం వ్రాయమంది. 2023 నవంబరు నియమం లేకుండానే దాటిపోయింది. పైగా ఆ చట్టం అడిగింది వెనక్కి చూడమని గుర్తుచెయ్యడమే, బిడ్డ ఉందో లేదో కనిపెట్టమని కాదు. సీటు బెల్టు పెట్టుకోకపోతే గంట మోగడానికి ఎవరూ సిగ్గుపడటం లేదు. అందరి కార్లలో ఉంటే ఇదీ అంతే అవుతుంది.

తలుపు లెక్కలు చాలవనడానికి మన వైపు నుంచే ఒక ఉదాహరణ. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కి, తలుపులు పడిపోయి, లోపలే ప్రాణాలు వదిలారు. అక్కడ ఎవరూ ఎవరినీ మర్చిపోలేదు. తాళం వెయ్యని కారు, సెలవుల్లో పిల్లలు, అంతే. డ్రైవరు వెనక తలుపు తీశాడా అని చూసుకునే పరికరం అక్కడ ఏం చేస్తుంది? లోపల ఊపిరిని కనిపెట్టేది కావాలి. అదొచ్చేదాకా మన వాకిట్లో కారుకి తాళం వెయ్యడం, తాళంచేతులు పిల్లలకి అందకుండా పెట్టడం మన పని. ఈ వేసవి ఇండియా వెళ్ళేవారు అక్కడి ఇళ్ళల్లో కూడా ఈ మాట చెప్పండి.

యంత్రం వస్తే మనిషికి అజాగ్రత్త పెరుగుతుందన్న మాట కూడా విన్నాం. కొంత నిజం. అలారం ఉందని వెనక్కి చూడటం మానేసేవాళ్ళు ఉండొచ్చు. కాని మా బిడ్డ సంగతిలో మేము అజాగ్రత్తగా లేము. జాగ్రత్తగానే ఉన్నామనుకుంటూ తాళం వేశాం. అదే భయం.

మాకు తెలిసిన అతి చవక పరికరం ఫోను. బిడ్డ అనుకున్న సమయానికి రాకపోతే పదిహేను నిమిషాల్లో తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఫోన్ చెయ్యమని డే కేరువాళ్ళని అడగండి, చేస్తామని వ్రాయించుకోండి. అప్పట్లో మేము అడగలేదు. ఆ ఉదయం తొమ్మిది దాటినా మాకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఇంకొకటి, ఎడమ కాలి చెప్పు వెనక సీటు దగ్గర పెట్టి నడపడం. మాలో ఒకరు రెండేళ్ళు అలాగే నడిపారు. గ్యారేజీలో చూసినవాళ్ళు ఏమనుకున్నారో!

గుడి విషయానికి వస్తాం. పండగ సాయంత్రం లోపల మైకులో మంత్రాలు, బయట రెండు వందల కార్లు. "బిడ్డ మీ కారులో ఉందనుకున్నాను", "మీరు తీసుకెళ్ళారనుకున్నాను" అనే మాటలకి అంతకంటే అనువైన చోటు లేదు. ఈ శ్రావణం నుంచి పెద్ద పండగ రోజుల్లో ఇద్దరు వాలంటీర్లు అరగంటకోసారి వరసల మధ్య తిరిగి వెనక సీట్లు చూడాలని కమిటీవారికి విన్నవించుకున్నాం, ఒప్పుకున్నారు. కారులో ఒంటరిగా బిడ్డ కనబడితే ముందు 911. అద్దం పగలగొట్టవలసి వస్తే కాపాడినవారికి రక్షణ ఇచ్చే చట్టం టెనెసీలో 2014లో వచ్చింది, తరవాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. షరతులు రాష్ట్రానికో రకం, మన రాష్ట్రపు నియమాలు ఆఫీసు బల్ల దగ్గర అంటించి ఉంటాయి.

వరలక్ష్మీ వ్రతం నాడు ఆరు నుంచి ఏడున్నర వరకు మేమిద్దరం తిరుగుతాం. ఏడున్నర తరవాత వంతుకి ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు. ఆ క్లిప్పు అమ్మాయి ఇది చదివితే, అప్పుడు నోరు మెదపనందుకు మన్నించి, ఆ రోజు ఒకసారి పార్కింగ్ లాట్‌లో కనబడితే బాగుండును. మా చెల్లెలికి వచ్చే నెల కానుపు, అది ఎక్కడ కొన్నదో కనుక్కోవాలి.